ఎండ వచ్చేదాకా ఆగిన కబురు

కిందటి వారం డాగ్మార్ బ్రాస్క్‌ని మనం కన్నీళ్ళ దగ్గర వదిలిపెట్టాం. ఎంతకీ రాని కన్నీళ్ళ దగ్గర. కోపెన్‌హాగన్ ఊరి చివర గాజు కప్పు వేసిన స్టూడియోలో ఆమెకి మొదటిసారిగా పెద్ద వేషం దొరికింది. సైన్యాధికారి భార్య వేషం. మొగుడు యుద్ధంలో పోయాడని వెండి పళ్ళెంలో ఉత్తరం వస్తుంది, దాన్ని విప్పి చదివి ఏడవాలి. అంతే పని. ఆ కాస్త పనికి శనివారంనాడు పదకొండుసార్లు కెమెరా తిప్పారు. పదకొండుసార్లూ ఆమె కంట చుక్క రాలలేదు. ఆ సాయంత్రమే ఆకాశం మూసుకుపోయింది. మాటల్లేని సినిమాల రోజులవి. కప్పులోంచి ఎండ దిగితేనే షూటింగు. ఆదివారం, సోమవారం, మంగళవారం, బుధవారం అందరూ మేకప్పులు వేసుకుని కూర్చుని, కాఫీలు తాగి, పొద్దుగూకగానే ఇళ్ళకి పోయారు.

గురువారం పదకొండు గంటలకి ఎండ వచ్చింది.

"రండి, రండి. అక్టోబరు ఎండ అప్పు అందినవాడి లాంటిది, ఎక్కువసేపు కూర్చోదు," అన్నాడు డైరెక్టర్ హోల్గర్ వెస్సింగ్.

వెస్సింగ్ గొంతు ఎప్పుడూ లేవదు. నలభై ఏళ్ళ మనిషి, నున్నగా దువ్విన జుట్టు, చేతికి తెల్లటి తొడుగులు. ఇతర డైరెక్టర్లు గోలచేస్తారు, కుర్చీలు విసురుతారు. ఈయన దగ్గరికి వచ్చి చెవిలో చెప్పినట్టు మాట్లాడతాడు. ఆ మెత్తని మాటకే స్టూడియోలో అందరికీ వణుకు.

"ఏమ్మా గేలాల పిల్లా, ఇవాళైనా ఏడుస్తావా? లేకపోతే నీ కళ్ళల్లో ఉల్లిపాయ పిండించమంటావా?"

సెట్ మీద ఉన్నవాళ్ళు నవ్వారు. డాగ్మార్ కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంకా నాలుగు మాటలు పడతాయని ఆమెకి ఈ ఏడాదిలో బాగా తెలిసింది.

గేలాల పిల్ల అన్న పేరు ఊరికే రాలేదు. డెన్మార్క్ పడమటి ఒడ్డున వెస్టర్‌క్లిట్ అనే బెస్తపల్లె ఆమెది. పన్నెండో ఏట నుంచి పదిహేడో ఏట దాకా గేలాలకి ఎర గుచ్చింది. ఒక్కో తాడుకి నాలుగు వందల గేలాలు. చలికాలంలో వేళ్ళు కొయ్యబారిపోయి, ముల్లు చర్మంలో దిగినా రక్తం కనిపించేదాకా తెలిసేది కాదు. ఆ మచ్చలు ఇంకా పోలేదు. అందుకే ఏ సినిమాలోనూ డాగ్మార్ చేతులు దగ్గర నుంచి చూపించరు. ఏడుపు సంగతీ అంతే. ఆ పల్లెలో అందరూ దైవభక్తులు. ఒకసారి పడవ తిరగబడి ఐదుగురు పోయినప్పుడు కూడా ప్రార్థన గదిలో నిలబడి కీర్తన పాడారే గానీ ఎవరూ ఏడవలేదు. ఏడిస్తే దేవుడి నిర్ణయాన్ని తప్పుపట్టినట్టట.

అలాంటి ఊళ్ళో నాటకమన్నా సినిమా అన్నా నరకానికి తిన్నని దారి. ఆమె బొమ్మ పోస్టరు మీద పడిందని తెలిసినప్పటి నుంచి తల్లి మారెన్ ఉత్తరం రాయించడం మానేసింది. తండ్రి లౌస్ట్ మాత్రం రెండు నెలలకోసారి ఎండుచేపలు పంపేవాడు. చేపలు చుట్టిన కాగితం అంచున పెన్సిలుతో రెండే ముక్కలు రాసేవాడు: "తింటున్నావా? నాన్న." ఆ చేపల వాసనకి పక్క గదుల వాళ్ళు తిట్టుకునేవాళ్ళు. డాగ్మార్ తలుపేసుకుని ముల్లు కూడా మిగల్చకుండా తినేది.

"అక్సెల్, సిద్ధమా?" అని వెస్సింగ్ కెమెరా వైపు చూశాడు.

కెమెరామన్ అక్సెల్ తలూపాడు గానీ డాగ్మార్ వైపు చూడలేదు. దుస్తులు చూసే పెత్రేయా, ఆమె మెడ దగ్గర లేసు సర్దుతూ ఉన్నట్టుండి చేతులు వెనక్కి తీసుకుంది. డాగ్మార్ అద్దెకుండేది ఈవిడ ఇంట్లోనే. అత్తా అని పిలుస్తుంది.

"ఏంటత్తా, సగంలో వదిలేశావు?"

"చలికి వేళ్ళు తిరగడం లేదమ్మా," అంది పెత్రేయా. దీపాల స్తంభం వెనక్కి వెళ్ళిపోయింది.

నౌకరు వేషం వేసినవాడు వెండి పళ్ళెం పట్టుకుని వచ్చాడు. అందులో శనివారం నాటి ఎర్ర లక్క ముద్ర ఉత్తరం లేదు. మడిచి అంటించిన టెలిగ్రాం ఉంది. పోనీలే, కథ మార్చారేమో అనుకుంది డాగ్మార్. కెమెరా చప్పుడు మొదలైంది. నేర్పినట్టే కుడిచేత్తో తీసుకుని, వెలుగు వైపు తిరిగి, విప్పింది.

"చదువు. నావైపు చూడకు. చదువు," అన్నాడు వెస్సింగ్ మెల్లిగా.

"నాన్న మంగళవారం ఉదయం పోయాడు. శుక్రవారం మధ్యాహ్నం సమాధి. క్రెస్టెన్."

ఎంత నిజంగా రాశారు! మొట్టమొదట ఆమెకి కలిగిన ఆలోచన అది. తరువాత జీవితమంతా ఆ ఒక్క ఆలోచనకి తనను తాను క్షమించుకోలేకపోయింది. ఆ తర్వాత చివర ఉన్న పేరు మళ్ళీ చదివింది. క్రెస్టెన్. తన అన్న పేరు ఈ స్టూడియోలో ఎవరికి తెలుసు?

కెమెరా తిరుగుతూనే ఉంది.

ఆమె ఏడవలేదు. కాగితాన్ని ఒకసారి మడిచింది. మళ్ళీ విప్పింది. రెండు అరచేతులూ పట్టు గౌను మీద, నడుం దగ్గర నుంచి కిందికి, అటూ ఇటూ తుడుచుకుంది. ఎర గుచ్చడం అయిపోయాక పల్లెలో ఆడవాళ్ళు అలాగే తుడుచుకుంటారు. అప్పుడు ఆమె మొహంలో ఏదో కూలింది. కంటి నుంచి నీళ్ళు కారుతున్న సంగతి కూడా ఆమెకి తెలియదు.

"చాలు," అన్నాడు వెస్సింగ్. "దేవుడా! ఇంత చాలు."

నౌకరు వేషం అతను ఖాళీ పళ్ళెం కిందికి దించాడు.

"ఇది... ఇది నిజమా?" అంది డాగ్మార్.

"నిజమే. నా ప్రగాఢ సానుభూతి." వెస్సింగ్ తొడుగు తీసి చెయ్యి చాపాడు. అతను చెయ్యి ఇవ్వాలంటే తొడుగు తీస్తాడు. అది మర్యాద.

డాగ్మార్ ఆ చెయ్యి అందుకోలేదు. "ఇవాళ గురువారం. మంగళవారం ఇచ్చిన టెలిగ్రాం ఇది."

"మంగళవారం ఎండ లేదు కదమ్మా," అన్నాడు అతను, అంత చిన్న విషయం కూడా అర్థం కాదా అన్నట్టు.

 ఆ మాట ఆమె తలకెక్కేలోగానే అక్సెల్ కెమెరా పక్క తలుపు తెరిచి లోపలికి చూసి, తల దించుకునే ఏదో గొణిగాడు.

"ఏంటి?"

"ఫిల్ము తెగిందండి. మధ్యలోనే తెగిపోయింది."

వెస్సింగ్ తొడుగు మళ్ళీ వేసుకున్నాడు. ఆకాశం వైపు చూశాడు. "ఇంకో అరగంట ఎండ ఉంటుంది. మళ్ళీ తీద్దాం."

"నేను వెళ్ళాలి," అంది డాగ్మార్. "రేపు మధ్యాహ్నమే..."

"నాలుగున్నరకి గానీ నీకు రైలు లేదు. ఓడ దాటి, మళ్ళీ రైలెక్కి, పొద్దున తొమ్మిదిన్నరకి లెమ్విగ్ స్టేషను. అక్కణ్ణుంచి మీ పల్లెకి బండిలో గంట. నీ కోసం నేనే చూసిపెట్టాను. ఇప్పుడు పన్నెండు కూడా కాలేదు. ఈలోగా ఏం చేస్తావు? స్టేషన్లో బెంచీ మీద కూర్చుంటావా?"

"మనుషులేనా మీరు?"

"కాదు, సినిమావాళ్ళం," అన్నాడు వెస్సింగ్. "నువ్వూ అంతే. కాకపోతే ఇంతవరకూ నీకు తెలీదు."

దీపాల స్తంభం వెనక నుంచి పెత్రేయా ఒక్కసారిగా ముందుకొచ్చింది. ముక్కు చీదుకుంటూ, "బాబూ, మీకు పుణ్యముంటుంది, ఆ మొదటిది కూడా ఇచ్చెయ్యండి దానికి!" అంది.

"మొదటిదా?" డాగ్మార్ అటు తిరిగింది. "మొదటిదేంటత్తా?"

పెత్రేయా నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. అప్పటికే ఆలస్యమైంది.

"శనివారం వచ్చింది," అన్నాడు వెస్సింగ్. దాచాల్సిన పని తనకేమీ లేనట్టు కోటు లోపలి జేబు తట్టి చూపించాడు. "ఇక్కడే ఉంది, భద్రంగా. ఈ ఒక్క షాటూ అవనీ, నీ చేతికిస్తాను. ఒట్టు."

"ఇప్పుడివ్వండి."

"షాటు తర్వాత."

"ఇవ్వండి!" ఆమె మీదికి దూకింది. తొడుగున్న చేత్తోనే మణికట్టు పట్టుకుని ఆపాడు. గట్టిగా కూడా కాదు. చిన్నపిల్ల అలకని ఆపినట్టు.

"అరుపు సినిమాలో వినపడదమ్మా. ఆ కోపాన్ని కాస్త దాచుకో. రెండో షాటుకి పనికొస్తుంది."

సెట్ మీద పదిహేను మంది ఉన్నారు. వడ్రంగులు, పెయింటర్లు, నౌకరు వేషం అతను. ఒక్కరైనా మాట్లాడతారేమో అని డాగ్మార్ అందరి మొహాలూ చూసింది. వడ్రంగి ఒకడు సుత్తి పిడి కేసి చూస్తున్నాడు. చలికాలం వస్తే ఈ గాజు కప్పు కింద పని ఉండదు. ఉన్నన్నాళ్ళూ ఉద్యోగం నిలబెట్టుకోవాలని అందరికీ ఉంది.

ఆమె వెళ్ళి, గుర్తు పెట్టిన చోట నిలబడింది.

ఆ తర్వాత జరిగింది ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. రెండోసారి టెలిగ్రాం విప్పినప్పుడు తండ్రి గుర్తురాలేదు. మొదటిసారి కాగితం ఎంతసేపు చూశానన్నది గుర్తొచ్చింది. ఒకటి, రెండు, మూడు, మడవాలి. ఇప్పుడు విప్పాలి. ఇప్పుడు అరచేతులు. గౌను మీద కుడి చెయ్యి ముందు. ఎడమ కాస్త ఆగి. వెలుగు ఎడమ చెంప మీద పడేలా గడ్డం అంగుళం పైకి. ఇక్కడ కన్నీళ్ళు. రమ్మంటే వచ్చాయి. శనివారం పదకొండుసార్లు మొండికేసిన కళ్ళు, ఇవాళ పిలిచిన కుక్కల్లా వచ్చాయి. తనలో ఎవరో పక్కన నిలబడి ఇదంతా చూస్తూ, బాగుంది, ఇంకాస్త అంటోంది. ఆ ఎవరో తనేనని ఆమెకి అర్థమైంది. అది కూడా కెమెరాకి అందింది.

"ఆపండి," అన్నాడు వెస్సింగ్. ఈసారి చప్పట్లు కొట్టాడు. మూడుసార్లు, తొడుగుల మెత్తటి చప్పుడు. జేబులోంచి టెలిగ్రాం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "నేను మాట తప్పను."

"నాన్నకి బాగా లేదు. నిన్నే అడుగుతున్నాడు. వెంటనే రా. అమ్మ."

శనివారం ఉదయం పది గంటలకి ఇచ్చినది. శనివారం రైలెక్కి ఉంటే ఆదివారానికల్లా ఇంట్లో ఉండేది. ఆదివారానికి తండ్రి బతికే ఉన్నాడు. సోమవారానికీ బతికే ఉన్నాడు.

దుస్తుల గదిలో పెత్రేయా ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది.

"నీకివ్వాలనే తెచ్చానమ్మా, నా పిల్లల మీద ఒట్టు. నువ్వు సెట్ మీద ఉన్నావు. ఆయన నా చేతిలోంచి తీసుకున్నాడు. సోమవారం ఇస్తానన్నాడు. సోమవారం అడిగితే, నా బదులు బట్టలు కుట్టేవాళ్ళు ఊళ్ళో వందమంది ఉన్నారన్నాడు. రెండోదీ ఆయన చేతికే పోయింది. ముగ్గురు పిల్లలమ్మా నాకు."

"రోజూ రాత్రి నాకు సూప్ పోశావు కదత్తా," అంది డాగ్మార్. "శని, ఆది, సోమ, మంగళ, బుధ. ఒక్క రోజైనా గరిటె జారలేదేం?"

పెత్రేయా ఏడ్చింది. డాగ్మార్ గౌను హుక్కులు తనే తీసుకుని, తన పాత ఊలు కోటు వేసుకుని బయటికి నడిచింది.

గేటు దగ్గర అక్సెల్ టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెళ్ళై పిల్లలున్న మనిషి, మంచివాడని పేరు.

"డాగ్మార్, ఒక్క మాట. ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు."

"చెప్పి నిద్రపోండి."

"ఫిల్ము తెగలేదు." అతని పెదవులు పాలిపోయాయి. "మొదటిదే బ్రహ్మాండంగా వచ్చింది. తెగిందని చెప్పమని వెస్సింగ్ పొద్దున్నే నాతో అన్నాడు. నువ్వు రెండోసారి చెయ్యగలవో లేదో చూడాలన్నాడు. చెయ్యగలిగితే మూడేళ్ళకి ఒప్పందం రాయిస్తానన్నాడు."

డాగ్మార్ అతన్ని కొట్టలేదు. తిట్టలేదు. "ఏది బాగుంది?" అని అడిగింది.

"ఏమిటి?"

"రెండిట్లో ఏది బాగుంది?"

అక్సెల్ చేతిలో టోపీని చుట్టూ తిప్పాడు. "రెండోది," అన్నాడు చివరికి.

ఆమె తలూపి ట్రామ్ వైపు నడిచింది. అడిగినందుకు రైల్లో దారి పొడుగునా తనను తాను అసహ్యించుకుంది. ఓడ మీద మాత్రం ఒక్కసారి, ఎవరూ చూడకుండా, అంచు కమ్మీ పట్టుకుని నిజంగా ఏడవాలని చూసింది. రాలేదు.

శుక్రవారం పదిన్నరకి బండి వెస్టర్‌క్లిట్ చేరింది. ఇసుక దిబ్బల మీంచి గాలి ఈడ్చి కొడుతోంది. ఇంటి ముందు నల్లబట్టల మనుషులు గుంపుగా నిలబడ్డారు. ఆమెని చూసి ఎవరూ పలకరించలేదు. పక్కింటి ముసలామె తన మనవరాలి మొహం శాలువలోకి తిప్పుకుంది. సినిమా ఆడమనిషిని చూస్తే కూడా పాపం అంటుకుంటుందేమోనని.

మారెన్ గడపలో నిలబడి ఉంది. ఎముకల మనిషి. పక్కకి జరగలేదు.

"వచ్చావా? షూటింగు అయిపోయిందా?"

"అమ్మా..."

"ఇంత చక్కగా ఎట్లా వీలు దొరికింది? బతికుండగా దొరకని వీలు శవం దగ్గరికి దొరికిందే!"

"నాకు తెలీదమ్మా. నిన్న మధ్యాహ్నం దాకా నాకు ఏమీ తెలీదు. నీ టెలిగ్రాం వాళ్ళు దాచేశారు. ఇదిగో చూడు," అని కోటు జేబులోంచి రెండు కాగితాలూ తీసింది.

మారెన్ వాటి వంక చూడనైనా చూడలేదు. "ఎన్ని వేషాలు నేర్చావే! తెలీకపోతే జవాబు ఎట్లా ఇచ్చావు?"

డాగ్మార్ కాగితాలు కిందికి దించింది. "జవాబా?"

"ఆదివారమంతా బండి చప్పుడు వినపడ్డప్పుడల్లా తలెత్తాడు. నేను తలుపు తీసి చూసొచ్చి, ఇంకా రాలేదయ్యా అని ఎన్నిసార్లు చెప్పానో నాకే లెక్క తెలీదు. సోమవారం మీ అన్న లెమ్విగ్ పోయి నీ టెలిగ్రాం తెచ్చాడు. ఆయనకి చదివి వినిపించాడు. మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాడు. అప్పుడు బైబిల్ తెమ్మన్నాడు." మారెన్ గొంతు అంతవరకూ రాయిలా ఉంది, అక్కడ చీలింది. "పిల్లల పేర్లు రాసుకున్న పేజీ ఉందే, అందులో నీ పేరు మీద గీత కొట్టాడు. పెన్ను పట్టుకునే శక్తి లేదు. నేను పట్టుకోబోతే, వద్దు, నేనే కొట్టాలి అన్నాడు. మర్నాడు తెల్లారాక పోయాడు. పో, లోపలికి పోయి చూసుకో. నీకు అదొక షాటు."

లోపల గది మధ్యలో రెండు కుర్చీల మీద శవపేటిక. మూత ఇంకా బిగించలేదు. తండ్రి ఆమె అనుకున్నంత పెద్దగా లేడు. చేతులు గుండెల మీద పెట్టారు. వేళ్ళ నిండా గేలాల మచ్చలు, అచ్చం తనకున్నట్టే. తలదగ్గర అన్న క్రెస్టెన్ నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్ళవాడు, పాస్టరు పక్కన కూర్చుని కీర్తన ఎత్తుకునేవాడు. చెల్లెలు లోపలికి రాగానే కిటికీ వైపు తిరిగాడు.

"ఆ జవాబు నాకు చూపించు," అంది డాగ్మార్.

"ఇప్పుడెందుకు అవన్నీ? పాస్టరుగారు వచ్చే వేళైంది," అన్నాడు క్రెస్టెన్.

"చూపించరా దానికి. తను రాసింది తనే చదువుకోనీ," అంది మారెన్ గుమ్మంలోంచి.

క్రెస్టెన్ కదల్లేదు. మారెనే వచ్చి, బైబిల్లోంచి మడిచిన కాగితం తీసి, డాగ్మార్ ముందుకి విసిరింది. అది శవపేటిక అంచు మీద పడింది.

"రాలేను. షూటింగు ఉంది. నా కోసం చూడొద్దు. డాగ్మార్."

వెస్సింగ్, అనుకుంది ఆమె. ఇంకెవరు? పళ్ళు బిగుసుకున్నాయి. కానీ ఇల్లు ఎక్కడో, ఎవరికి రాయాలో వెస్సింగ్‌కి తెలిసినా, నా కోసం చూడొద్దు అనే మాట అతనిది కాదు. కొడుకులు చేపలవేటకి పోతూ తల్లులతో అనే మాట అది. ఈ పల్లె మాట.

కాగితాన్ని వెలుగు వైపు తిప్పింది. తల్లికి కీర్తనల పుస్తకంలో అచ్చు తప్ప మరో రాత చదవడం రాదు. తండ్రి తను చదవలేదు, చదివించుకుని విన్నాడు. ఈ కాగితాన్ని పైనుంచి కింద దాకా చదివిన మనిషి ఈ ఇంట్లో ఒక్కడే. పై వరుసలో, పంపిన ఊరు పేరు రాసేచోట, కోపెన్‌హాగన్ అని లేదు.

లెమ్విగ్ అని ఉంది.

"అన్నయ్యా," అంది డాగ్మార్. ఆమె గొంతు ఎంత మెత్తగా వచ్చిందంటే, అది ఎవరి దగ్గర నేర్చుకున్న గొంతో ఆమెకే తెలిసి ఒళ్ళు జలదరించింది. "సోమవారం నువ్వు లెమ్విగ్ పోయి దీన్ని తెచ్చావా? లేక నువ్వే పంపావా?"

క్రెస్టెన్ మొహం సున్నం కొట్టినట్టైంది. రెండడుగులు వేసి చెల్లెలి మోచెయ్యి పట్టుకున్నాడు. "బయటికి రా. నీకంతా చెప్తాను. ఇక్కడ కాదు."

మారెన్ కొడుకు వంక చూసింది. కూతురి చేతిలో కాగితం వంక చూసింది. చదవలేని ఆ పై వరుస మీద వేలు పెట్టింది. ఆ తర్వాత వెనక్కి తిరిగి, బయట నల్లబట్టల మనుషులంతా చూస్తుండగా, గది తలుపు మూసి గడియ పెట్టింది.

"ఇక్కడే చెప్పరా," అంది. "మీ నాన్న ముందరే చెప్పు."